పొయ్యి పెట్టింది ముగ్గురు, పొగ మింగింది మేము

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో గ్యాస్ సబ్సిడీ పడలేదని, సిలిండర్ ఆలస్యమైందని ఉత్తరాలు వస్తుంటాయి. నాది దాని పక్కింటి గోడు. ఇంట్లో కట్టెల పొయ్యి, దానికో పొగ గొట్టం పెట్టించుకుందామని పనివాళ్లను పిలిచి నాలుగు నెలలు పడ్డ తిప్పలు రాస్తున్నాను. పొడుగైతే ఎక్కడైనా కోసుకోండి గానీ ఎగ్జాస్ట్ ఫ్యాన్ సంగతి మాత్రం కోయకండి. అది తెలియక ఇంకెన్ని ఇళ్లలో తలనొప్పులతో పడుకుంటున్నారో.

మాది నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గర ఊరు. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని, మా ఆయన బత్తాయి తోట, కొంచెం వరి చూసుకుంటారు. ఈ కాలంలో కట్టెల పొయ్యి ఏంటమ్మా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తా. గ్యాస్ ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి కింద ఐదు వందల సిలిండర్ మా వాడకట్టులో చాలామందికి వస్తోంది కూడా. చాయ్, కూర, పొద్దున టిఫిన్ అన్నీ గ్యాస్ మీదే. కానీ మా ఇంట్లో రాత్రికి జొన్న రొట్టె ఉండాలి, గ్యాస్ మీద కాల్చిన రొట్టెను మా అత్తమ్మ "తోలు లెక్కుంది బిడ్డా" అని పక్కకు పెడుతుంది. చలికాలంలో ఐదుగురికి స్నానాల నీళ్లు కాగాలి. తోటలో తీసేసిన ముసలి బత్తాయి చెట్లు, ఏటా కత్తిరించే ఎండు కొమ్మలు, గట్ల మీద సర్కారు తుమ్మ, ఇదంతా మాకు కొనకుండా దొరికే కట్టె. దాన్ని చేనులో ఊరికే తగలబెట్టేసి, నీళ్లు కాగడానికి గ్యాస్ కొనమంటే అత్తమ్మ ఒప్పుకోదు, నిజం చెప్పాలంటే నాకూ మనసొప్పదు.

మా పాత ఇల్లు పెంకుటిల్లు. పొగ పెంకుల సందుల్లోంచి దానంతటదే పోయేది, పోనిది వాసాలకు పట్టి నల్లగా మెరిసేది. దాన్ని తీసేసి స్లాబు వేసుకున్నాక పొగకు దారి లేదు. అందుకని అత్తమ్మ ఆరేళ్లుగా వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీదే రొట్టెలు చేసేది, వానొస్తే నేను టార్పాలిన్ పట్టుకుని నిలబడేదాన్ని. పోయిన వేసవి సెలవుల్లో, వంటింటి వెనక ఉన్న చిన్న గదిలో గొట్టంతో సహా సరైన పొయ్యి ఒకటి కట్టిద్దామని అనుకున్నాం. రెండు రోజుల పని అనుకున్నాం.

మా దగ్గర మేస్త్రిలకు కరువు లేదు. ప్రపంచంలోనే రాతితో కట్టిన అతిపెద్ద డ్యాముల్లో ఒకటని చెప్పుకునే సాగర్ మాకు పక్కనే ఉంది, 1955లో మొదలుపెట్టి పన్నెండేళ్లు కట్టారు. పాలమూరు మేస్త్రిలు, కూలీలు దేశంలో ఎక్కడ డ్యాము కడితే అక్కడికి పోయి కట్టి వచ్చినవాళ్లు. పొద్దున ఏడింటికి అడ్డా మీదికి పోతే యాభై మంది ఉంటారు. అందులో పేరున్న మేస్త్రినే పిలిచాం. ఆయన గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి అడిగిన మొదటి మాట, "సార్ లేడా మేడం?"

సార్ ఉన్నారు. పొయ్యి ఎంతెత్తు, నోరు ఎటు వైపు, గిన్నెలు ఎన్ని పెట్టాలి, ఇవన్నీ సార్‌తోనే మాట్లాడారు. మా ఆయన మంచివాడే గానీ జన్మలో ఒక్క రొట్టె కాల్చలేదు. "ఇప్పుడందరు నిలబడే వండుతుండ్రు కద సార్" అని మేస్త్రి అంటే ఈయన తలూపారు, గ్యాస్ గట్టు ఎత్తున పొయ్యి లేచింది. జొన్న రొట్టె పీట మీద కూర్చుని ఒత్తుతారు, రొట్టె ఒత్తిన చెయ్యి అక్కడే పెనం మీదికి పోవాలి. డెబ్బై ఏళ్ల మనిషి కూర్చుని ఒత్తి, లేచి కాల్చి, మళ్లీ కూర్చోవాలి. ఆ రోజు అత్తమ్మ గది గుమ్మంలోనే నిలబడి ఉంది, ఒక్క మాట ఎవరూ అడగలేదు. నేను స్కూల్లో సెన్సస్ ట్రైనింగ్‌కు పోయి సాయంత్రం వచ్చేసరికి ప్లాస్టరింగ్ కూడా అయిపోయింది.

ప్లాస్టరింగ్ సిమెంటుతో. అత్తమ్మ అప్పటికే పుట్టమన్ను తెప్పించి, ఊక, పేడ కలిపి రెండు రోజులు మగ్గబెట్టి ఉంచింది. "మట్టి ఎందుకు అవ్వా, సిమెంటు వేస్తే పది కాలాలు ఉంటది" అన్నాడు మేస్త్రి. పది రోజులు ఉంది. మామూలు సిమెంటు మంట వేడికి పగిలిపోతుంది, మంట తగిలే చోట వేయకూడదు. ఊక కలిపిన మట్టి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, పగిలినా ఇంట్లో మనమే పూసుకోవచ్చు. ఇది మా అత్తమ్మకు తెలుసు, ఆమెకు చెప్పినవాళ్లకూ తెలుసు, కూలికి వచ్చినవాళ్లకు మాత్రం తెలియలేదు.

ఇక గొట్టం. మేస్త్రి బండి మీద తెచ్చింది నాలుగించుల పీవీసీ పైపు! బాత్రూం పైపు. అది వేడినీళ్లకే మెత్తబడుతుంది, పొయ్యి మీద పెడితే పొగతో పాటు దాని విషం కూడా మేమే పీల్చాలి. వద్దంటే హార్డ్‌వేర్ షాపులో ఆస్బెస్టాస్ సిమెంటు పైపు చూపించారు, చవక. గుడిసెలు అంటుకున్నప్పుడు ఆ రేకులు పటాకుల్లా పేలడం మన ఊళ్లలో చూడనివాళ్లు తక్కువ. పైగా దాన్ని కోసినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది, అరవైకి పైగా దేశాల్లో ఆస్బెస్టాస్‌ను నిషేధించారు, మన దగ్గర ఇంకా షాపు ముందరే పేర్చి అమ్ముతున్నారు. అదీ వద్దన్నాం. "గొట్టం నా పని కాదు మేడం, వెల్డర్‌ను పిలుచుకోండి" అని, వెల్డర్ కోసం గోడకు ఒక రంధ్రం కొట్టి, మొత్తం డబ్బు తీసుకుని మేస్త్రి పోయాడు. ముందే మొత్తం ఇచ్చేయడం మా తప్పు, ఒప్పుకుంటున్నా.

వెల్డర్ జీఐ పైపు తెచ్చాడు. పొయ్యి దగ్గరి నుంచే జీఐ. దాని మీద ఉండే జింకు పూత బాగా వేడెక్కితే పొగలు కక్కుతుంది. వెల్డింగ్ చేసిన రాత్రి ఆ అబ్బాయికే చలిజ్వరం వచ్చింది, వాళ్లకది మామూలే అంట, పాలు తాగి పడుకుంటారంట. గోడ రంధ్రంలోంచి ఒక వంపు తిప్పి బయటికి తీశాడు. అక్కడ సజ్జ అడ్డం వచ్చింది. సజ్జను తప్పించడానికి ఇంకో రెండు వంపులు. చివర పిట్టగోడ కన్నా కింద ఆపేశాడు, పక్కనే నీళ్ల ట్యాంకు. మూడు వంపులు తిరిగిన పొగ ఎక్కడికి పోతుంది? వచ్చిన దారినే తిరిగొచ్చింది. మృగశిర కార్తెకు పడమటి గాలి మొదలయ్యాక అయితే పిట్టగోడకు, ట్యాంకుకు తగిలిన గాలి నేరుగా గొట్టంలోకే దూరి, పొయ్యి నోట్లోంచి బూడిద మా మొహాన ఊదేది.

వెల్డర్‌కు ఫోన్ చేస్తే, "పొయ్యి కట్టుడే తప్పున్నది, మేస్త్రిని అడుగుండ్రి." మేస్త్రిని అడిగితే, "గొట్టం సక్కగ లేదు మేడం, అయినా కట్టెల పొయ్యి అన్నంక పొగ రాదా?" ఈ మాట నాకు ఒంటికి కారం రాసినట్టయింది. రాదండీ. రాకుండా చేయడానికే కదా గొట్టం. 2020లో ఇళ్లలోని పొయ్యి పొగ వల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. అందులో ఎక్కువ నష్టపోయేది పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లు, వాళ్ల కొంగు పట్టుకుని తిరిగే పిల్లలు. పొగ రాదా అని నవ్వుతూ అడిగేవాళ్లు ఒక్క రాత్రి ఆ పీట మీద కూర్చుంటే తెలుస్తుంది.

అప్పుడు మూడో మనిషి వచ్చాడు, ఎలక్ట్రీషియన్. గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే పొగంతా గుంజి బయట పడేస్తుందన్నాడు. పెట్టాం. మొదటి రెండు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది, ఎందుకంటే కిటికీ తీసే ఉంది. మూడో రోజు వాన జల్లు కొడుతోందని కిటికీ, తలుపు మూసి ఫ్యాన్ వేశాం. ఫ్యాన్ గదిలో గాలిని బయటికి తోస్తుంది, దానికి బదులు గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా, అన్నీ మూసేస్తే మిగిలిన దారి ఒకటే, పొగ గొట్టం. పైకి పోవాల్సిన పొగను ఫ్యాన్ కిందికి లాగింది. మంటగా ఉన్నప్పుడు పొగ కనిపిస్తుంది గనక తలుపు తీశాం. రొట్టెలయ్యాక నిప్పుల మీద నీళ్ల బిందె పెట్టి, ఫ్యాన్ అలాగే వదిలి, అత్తమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తల దిమ్ముగా ఉంది, వాంతి వచ్చేట్టుంది అంటే బీపీ అనుకున్నాం. బయటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెడితే గంటకు తేరుకుంది. మళ్లీ రెండు రోజులకు అదే. ఇదే పాఠం నేను పిల్లలకు చెప్తాను, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదని, మా ఇంట్లోనే దాన్ని గుర్తుపట్టడానికి నాకు రెండుసార్లు పట్టింది. సిగ్గేసింది.

జూలైలో గోడ రంధ్రం దగ్గర వాన నీళ్లు కారడం మొదలైంది. మేస్త్రి రంధ్రాన్ని పైపు చుట్టూ సిమెంటుతో బిగించాడు, పైపు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఆ సిమెంటు పగలకుండా ఎలా ఉంటుంది? దానికి తోడు పైపు అతుకుల నుంచి నల్లటి జిడ్డు నీళ్లు గోడ మీదికి చారలు చారలుగా. మొత్తం తొమ్మిది వేల చిల్లర ఖర్చయింది, అత్తమ్మ మళ్లీ వాకిట్లో మూడు రాళ్ల దగ్గరికి పోయింది.

మా చుట్టాలాయన మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తా. ఆ మిల్లుల్లో బాయిలర్లకు ఊకే మంట, వాటి లోపలి ఇటుక పని, చిమ్నీ పని చేసేవాళ్లు అక్కడ ఉంటారు. వాళ్లలో ఒకాయనను బతిమిలాడి ఆదివారం పంపించాడు. ఆ పెద్దమనిషి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, "వండేదెవరు?" అన్నాడు. అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమని, మోచెయ్యి ఎత్తు కొలిచి గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. తర్వాత పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాడు. పొగ బయటికే వంగింది. ఫ్యాన్ వేయమన్నాడు, తలుపు మూయమన్నాడు, అగరుబత్తి పొగ మా మీదికి దూకింది. నాలుగు నెలల్లో ముగ్గురికి చెప్పినా ఎవరూ చూడని సంగతి ఒక అగరుబత్తితో తేలిపోయింది.

ఆయన చేసింది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. పాత పొయ్యి పీకేసి కింద కట్టాడు, లోపల మిల్లు నుంచి తెచ్చిన ఫైర్ ఇటుక, పైన అత్తమ్మ మట్టి. కట్టె కింద ఇనుప జాలీ, దాని కింద బూడిద గూడు, గాలి అడుగు నుంచి వచ్చేలా. గొట్టానికి వంపే లేదు, నేరుగా స్లాబులోంచి పైకి. స్లాబు అడుగున ముందు పెచ్చు గీకి రాడ్లు ఎక్కడున్నాయో చూసుకుని, వాటి మధ్యన వచ్చేలా పొయ్యినే నాలుగించులు జరిపించాడు, ఒక్క రాడ్డు తెగలేదు. స్లాబులో ముందు ఒక పెద్ద పైపు ముక్క, దాని లోపల అసలు గొట్టం, మధ్య ఖాళీలో సిమెంటు కాదు, వేడికి తట్టుకునే రాతి ఉన్ని (రాక్‌వూల్), పైన వాన నీళ్లు జారిపోయేలా గొట్టానికి రేకు గొడుగు. పొయ్యి నుంచి మొదటి నాలుగడుగులు మందపాటి మామూలు ఇనుప పైపు, జీఐ ఆ పైనే. పైన పిట్టగోడను, ట్యాంకును దాటి ఇంకో మూడడుగులు లేపాడు. కరెంటు పైపును, అటక చెక్కను గొట్టానికి అడుగున్నర దూరం జరిపించాడు.

అతుకుల దగ్గర ఒక మాట చెప్పాడు, అది నాకు భలే నచ్చింది. అందరూ వాన నీళ్ల గురించి ఆలోచించి పై పైపును కింది పైపు మీద టోపీలా తొడుగుతారంట. కానీ పొయ్యి గొట్టంలో నీళ్లు లోపలే పుడతాయి, పచ్చి కట్టె ఆవిరి, జిడ్డు మసి కలిసి చల్లటి పైపుకు పట్టి కిందికి జారతాయి. అందుకని పై పైపు చివర కింది పైపు లోపలికి దిగాలి, అప్పుడు జిడ్డు గొట్టం లోపలే పొయ్యిలోకి పోతుంది, గోడ మీదికి రాదు. వానకైతే పైన టోపీ ఉండనే ఉంది. ఆ మసి పేరుకుంటే ఎప్పుడో ఒకరోజు గొట్టంలోనే అంటుకుంటుందని, నెలకోసారి దులపడానికి కింద మూత పెట్టాడు. పచ్చి తుమ్మ పెట్టొద్దన్నాడు, నరికి చీల్చి కనీసం ఒక ఎండాకాలం ఎండినదే పెట్టమన్నాడు. కిటికీ తీయకుండా ఫ్యాన్ వేయొద్దని గోడ మీద బొగ్గుతో రాసిపోయాడు. ఫ్యాన్ తీయించేశాం, రాత మాత్రం ఉంచాం.

దీనికి పద్నాలుగు వేలు అయ్యింది. ఎక్కువే. కానీ ముందే ఈయన దొరికి ఉంటే తొమ్మిది వేలు మిగిలేవి.

ఇప్పుడు నేను అడగదలుచుకున్నది. రైస్ మిల్లు బాయిలర్‌కు 1923 నుంచే చట్టం ఉంది, 2025లో దాన్ని మార్చి కొత్తది కూడా తెచ్చారు, తనిఖీ ఉంది, నడిపేవాడికి సర్టిఫికెట్ ఉంది. గ్యాస్ కనెక్షన్ ఇస్తే మనిషి వచ్చి రెగ్యులేటర్ బిగించి చూపించి పోతాడు. ఇంట్లో పొయ్యి గొట్టానికి మాత్రం దిక్కు లేదు. మేస్త్రి ఇటుక వరకు, వెల్డర్ పైపు వరకు, ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ వరకు, ఎవరి పని వాళ్లకు బాగానే వచ్చు, వాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు, అందుకే ఎవరి పేరూ రాయలేదు. మూడు పనులు కలిసే చోటే పొగ వస్తుంది, ఆ చోటు ఎవరిదీ కాదు. 1980ల్లో కేంద్రం పొగరాని పొయ్యిల పథకం పెట్టినప్పుడు వాటిని కట్టడానికి ఊళ్లలో మనుషులకు శిక్షణ ఇచ్చింది. 2002లో పథకం ఆగిపోయింది, ఆ విద్యా పోయింది. మా అమ్మగారింట్లో అలాంటి పొయ్యి ఉండేది, గొట్టం ఎవరూ దులపక మూసుకుపోతే మా అమ్మ దాన్ని పగలగొట్టి పాత పొయ్యి పెట్టుకుంది. అదొక్క ఇంటి కథ కాదు. 2019లో నోబెల్ అందుకున్న ఎస్తర్ డఫ్లో, ఇంకొందరు కలిసి ఒడిశాలో ఇలాంటి పొయ్యిలను నాలుగేళ్లు గమనించారు, మొదటి ఏడాది పొగ తగ్గింది, తర్వాత బాగుచేయించుకోక, వాడక ఆ లాభం కాస్తా పోయింది.

హైదరాబాద్‌లో 1998 నుంచి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, మనం న్యాక్ అనేది, ఉంది. పల్లెల పిల్లలకు తాపీ పని, వెల్డింగ్, ప్లంబింగ్, కరెంటు పని నేర్పుతుంది. ఆ కోర్సుల్లోనే ఒక వారం పొయ్యి, గొట్టం, గాలి ఎటు నుంచి ఎటు పోతుందనేది కలపలేరా? ఊరికొక్కరు అక్కర్లేదు, మండలానికి ఇద్దరున్నా చాలు. హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, ఇంకా కట్టె మీద వండే చోట్లు ఎన్ని లేవు? పని లేక అడ్డా మీద నిలబడేవాళ్లకు అది ఒక కొత్త పని అవుతుంది. వీలైతే మీ విలేకరి ఒకరు న్యాక్‌వాళ్లను ఈ ముక్క అడిగి రాయండి.

అప్పటిదాకా పొయ్యి పెట్టించుకునేవాళ్లు నాలా ముందే మొత్తం డబ్బు ఇవ్వకండి. మా బాయిలర్ పెద్దమనిషి తనే వెయ్యి రూపాయలు ఆపుకోమన్నాడు, "రెండు వానలు పడ్డంక, కారకుంటేనే ఇయ్యుండ్రి" అన్నాడు. రెండు కాదు నాలుగు పడ్డాయి, చుక్క కారలేదు, ఇచ్చేశాం.

గోడకున్న పాత రంధ్రం మాత్రం ఇంకా అలాగే ఉంది. వచ్చి మూసిపొమ్మని మొన్న మేస్త్రికి ఫోన్ చేస్తే, "అది వెల్డర్ కోసం కొట్టిన బొక్క కద మేడం, ఆయన్ను అడుగుండ్రి" అన్నాడు.

ఇట్లు,
ఒక టీచర్,
అనుముల మండలం, నల్లగొండ జిల్లా